చూడకుండా పెట్టిన రెండు టిక్కులు

షిల్లాంగ్,
మంగళవారం

నాన్నకి, అమ్మకి, నాయనమ్మకి మీ కరుణ ప్రభువు పేరట వందనాలు చెప్పుకుని రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను. స్వెట్టర్ వేసుకుంటున్నాను. చెవులకి గుడ్డ కట్టుకుంటున్నాను. అమ్మ ఫోన్లో అడిగేవి ఈ మూడే కాబట్టి ముందు వాటికి జవాబు రాసేశాను. మీ ఒంట్లో ఎలా ఉంది? నాయనమ్మ మోకాళ్ళు ఈ చలికి ఇంకా పట్టేస్తున్నాయా? రెండో కోత కాయలు మొదలయ్యాయని నాన్న చెప్పాడు. కోతకి వెళ్ళొచ్చాక అమ్మ చేతులు మండుతాయి కదా, కొబ్బరి నూనె రాసుకోమని చెప్పు. రాసుకున్నానని అబద్ధం చెబుతుంది, నువ్వు దగ్గరుండి చూడు.

నాన్నా, నీకు బైబిల్లో ఉన్నట్టు అచ్చు అక్షరాలైతేనే చదవడం వచ్చు కాబట్టి ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తున్నాను. వేలు పెట్టుకుని మెల్లగా చదువు. ఒక్క రోజులో అవ్వకపోతే నాలుగు రోజులు చదువు, తొందరేమీ లేదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను గొంతు సవరించుకున్నా అమ్మ “ఏంటే, ఏడుస్తన్నావా?” అంటుంది. లేదమ్మా అనేలోపు నిజంగానే ఏడుపొస్తుంది. ఇక అసలు మాట పోతుంది. ఈసారి అసలు మాట పోకూడదు.

పోయిన వారం నువ్వు చెప్పిన సంగతి నా మనసులోనే ఉంది. ఒంగోలు కాలేజీ లైబ్రరీలో ఒక పని ఖాళీగా ఉందని, మన పాస్టరు అయ్యగారు వాళ్ళతో మాట్లాడి పెట్టారని, వస్తానో రానో ఈ నెలాఖరులోపు చెప్పాలని అన్నావు. దాని జవాబు ఈ ఉత్తరంలో ఉంది. కానీ జవాబు ఒక్కటే రాసి పంపితే మీకు కోపం వస్తుంది. నేనిక్కడ ఒక తప్పు చేశాను నాన్నా. అది ముందు చెప్పాలి. దొంగతనం, అప్పు, పెళ్ళి లాంటివేమీ కాదు, అమ్మని గుండెలు బాదుకోవద్దని చెప్పు.

ముందు ఇక్కడి సంగతులు. నేను ఆగస్టులో వచ్చినప్పుడు రోజూ వానే. ఇప్పుడు వాన లేదు, చలి ఉంది. పొద్దున్నే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు ఉంటుంది. మన దగ్గర ఈ నెలలో కల్లంలో కాయలు ఎండబోస్తారు. ఇక్కడ ఉతికిన చొక్కా ఎండాలన్నా మూడు రోజులు పడుతుంది. నా గది కింద చెక్క, పైన రేకు. ఇంటావిడ పేరు థెయి. ఇక్కడ పెద్ద ఆడవాళ్ళని మనం అక్క అన్నట్టు కాంగ్ అని పిలుస్తారు, అందుకని నేను కాంగ్ అంటాను. ఆమెకి హిందీ సగమే వచ్చు, నాకూ సగమే వచ్చు. ఖర్మేమిటంటే ఇద్దరికీ వచ్చింది ఒకటే సగం. బియ్యం, నీళ్ళు, చలి, తాళం, రేపు, ఈ మాటలతోనే ఆరు నెలలు గడిచాయి. సాయంత్రం ఆమె బొగ్గుల కుంపటి దగ్గర పీట వేసి పిలుస్తుంది. ఎండు చేపలు కాల్చి ఒక పచ్చడి నూరుతుంది. మొదటిసారి తిన్నప్పుడు అచ్చం నాయనమ్మ చేతిదిలా ఉందనిపించింది, కారం మాత్రం చాలలేదు. మనింటి కారం ఒక చెంచా కలిపి ఇచ్చాను. ఆమె తిని, నీళ్ళు తాగి, నా వంక చూసి, “నిన్ను మీ ఊళ్ళో ఇలాగే పెంచారా?” అంది.

ఆదివారాలు గుడికి వెళ్తున్నాను. ఇక్కడ వీధికొక చర్చి ఉంది. ఇంతమంది మనవాళ్ళే కదా, ఇల్లులాగే ఉంటుందనుకుని వచ్చాను. ప్రార్థనంతా వాళ్ళ ఖాసీ భాషలో జరుగుతుంది. పాటల రాగాలు కొన్ని మనవే. రాగం మొదలవగానే నా నోట తెలుగు మాటలొస్తాయి, పక్కనున్నవాళ్ళు తిరిగి చూస్తారు. అందుకని పెదాలు కదపకుండా లోపల పాడుకుంటున్నాను. క్రిస్మస్ రోజు అందరూ చేతులు పట్టుకుని పలకరించారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు నాన్నా. ఆఫీసులో కూడా నేను వెళ్ళి కూర్చోగానే నా కోసం ఇంగ్లీషులో మాట్లాడతారు. రెండు నిమిషాలయ్యాక వాళ్ళకి తెలియకుండానే వాళ్ళ భాషలోకి జారిపోతారు. నేను టీ గ్లాసులోకి చూస్తూ ఉంటాను. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇక నా పని. “మీ అమ్మాయి అక్కడ ఏం చేస్తదయ్యా” అని అడిగితే లైబ్రరీ అని చెప్పి ఊరుకుంటున్నానన్నావు. నేనూ నీకు సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఓపిగ్గా విను.

పెద్ద చదువులు చదివేవాళ్ళు ఒక వ్యాసం రాస్తే, ఆ మాటలు ఎక్కడెక్కడి నుంచి తెలుసుకున్నారో చివర్లో ఒక పట్టిక పెట్టాలి. ఎవరు రాసిన పుస్తకం, ఏ సంవత్సరం, ఏ పేజీ, ఇలా. అది ఉంటేనే ఇంకొకరు వెళ్ళి నిజమా కాదా అని చూసుకోగలరు. అయితే ఒక్కో పత్రిక ఆ పట్టికని ఒక్కో రకంగా అడుగుతుంది. ఒకరికి పేరు తరవాత సంవత్సరం కావాలి, ఇంకొకరికి చివర్లో కావాలి. చేత్తో పేర్చుకుంటే రోజులు పడుతుంది. అందుకని కంప్యూటర్లో ఆ పట్టికని దానంతటదే పేర్చే ప్రోగ్రాములున్నాయి. ఒకటి కాదు, వేరువేరు దేశాలవాళ్ళు వేరువేరుగా చేసినవి చాలా ఉన్నాయి. ఏ పత్రికకి ఎలా పేర్చాలో చెప్పే కాగితం లాంటిదాన్ని స్టైలు ఫైలు అంటారు. ప్రోగ్రాములు వేరైనా ఈ ఫైళ్ళు మాత్రం అందరికీ ఒక్కచోటే ఉంటాయి. దాన్ని రిపాజిటరీ అంటారు, నువ్వు ఉమ్మడి కొట్టు అనుకో. అది ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు. అందులో ఒక ఫైలు మారిస్తే, ఆ మార్పు నిమిషాల్లోనే అన్ని ప్రోగ్రాముల్లోకీ, అన్ని దేశాల్లోకీ పోతుంది.

ఆ కొట్టుని చూసుకునేవాళ్ళు పది మంది కూడా ఉండరు. మా లైబ్రరీ మేడం ఇక్కడి పత్రికల ఫైళ్ళు అందులో చేర్చడానికే నన్ను ఏడాదికి తీసుకున్నారు. ఆ పని చేస్తూ చేస్తూ పక్కవాళ్ళ ఫైళ్ళలో తప్పులు కూడా సరిచేయడం మొదలుపెట్టాను. డిసెంబరులో వాళ్ళు నాకు తాళం చెవి ఇచ్చారు. చెవి అంటే నిజం చెవి కాదు, ఎవరినీ అడగకుండా నేనే ఫైలు మార్చి కొట్టులో పెట్టొచ్చన్న అనుమతి. ఆ రోజు మీకు ఫోన్ చేసి మంచి వార్త అంటే, అమ్మ జీతం పెరిగిందా అని అడిగింది. పెరగలేదు. కానీ నాకు అంతకంటే ఎక్కువ.

ఎందుకంటే ఆ కొట్టు దగ్గరే నాకు మనుషులు దొరికారు నాన్నా. హెల్గా గారని జర్మనీలో ఒకామె ఉంది, పెద్దావిడ, కొట్టుకి మేస్త్రీ ఆమే అనుకో. మనకి మధ్యాహ్నమయ్యే వేళకి ఆమెకి తెల్లారుతుంది. కాఫీ కలుపుకుని కూర్చుని “శుభోదయం కరుణా, నిన్న చలి ఎలా ఉంది?” అని రాస్తుంది. రోజూ రాస్తుంది. ఆమె ముఖం నేను చూడలేదు. ఫోటో ఉండాల్సిన చోట గుమ్మడికాయ బొమ్మ పెట్టుకుంది. పాబ్లో అని ఇంకొకాయన ఉన్నాడు. పగలు బడిలో లెక్కలు చెబుతాడు, మిగిలిన వేళల్లో ఒక ప్రోగ్రాముని ఒక్కడే చూసుకుంటాడు. హాస్యగాడు. షిల్లాంగ్‌లో పొద్దున్నించి నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. మధ్యాహ్నం ఆ పేజీ తెరిస్తే నా పేరు కనిపిస్తుంది. నా రోజంతా ఆ మధ్యాహ్నం కోసమే అన్నట్టు ఉండేది.

కొట్టులో మార్పు పెట్టేటప్పుడు ఒక ఫారం నింపాలి. అందులో మూడు గడులుంటాయి. ప్రోగ్రాముల్లో ముఖ్యమైనవి మూడున్నాయి, మార్చిన ఫైలు ఒక్కోదానిలో సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి, ఒక్కో గడిలో టిక్కు పెట్టాలి. ఒకదానిలో బాగున్నది ఇంకోదానిలో చెడిపోవచ్చు, అందుకని మూడిట్లోనూ చూడాలి. ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. టిక్కు ఉంటే చూశారనే నమ్ముతారు. ఆ కొట్టు నడిచేది ఆ నమ్మకం మీదే.

పోయిన నెలలో ఒక రోజు ఆ పేజీలో తెలుగు కనిపించింది. నిజంగా తెలుగు అక్షరాలు. “అక్కా, మీ పేరు చూసి తెలుగువాళ్ళేమో అని రాస్తున్నాను. నా పేరు శిరీష. మాది పెదకాకాని. గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను.” నేను ఆ నాలుగు ముక్కలు ఎన్నిసార్లు చదివానో చెప్పను. అంతకుముందు ఐదు నెలలుగా నన్నెవరూ అక్కా అనలేదు. ఆ అమ్మాయి మిరప పూతలో పడే నల్ల తామర పురుగు మీద పరిశోధన చేస్తోంది. ఆ పురుగు వచ్చిన ఏడు మన పేటంతా కోతల్లేక ఎలా కూర్చుందో నీకు తెలుసు. తను వ్యాసం పంపుతున్న పత్రిక ఈ మధ్య పద్ధతి మార్చి, సంవత్సరం చివర్లో ఉండాలంటోంది. కొట్టులో ఉన్న ఫైలు పాత పద్ధతిలో ఉంది. “అక్కా, పంపేముందు మా సార్‌కి ఒకసారి చూపించాలి, ఆయన నాలుగింటికి వెళ్ళిపోతారు, ఆలోపు చేసిపెట్టవా” అని రాసింది.

చేయాల్సిన పద్ధతి నాకు తెలుసు. చాలా పత్రికలకి కలిపి ఒక తల్లి ఫైలు ఉంటుంది. శిరీష పత్రిక ఆ తల్లి కింద ఉన్న పిల్లల్లో ఒకటి. ఒక పిల్ల కోసం తల్లిని ముట్టుకోకూడదు. ఆ పిల్లని విడదీసి వేరే ఫైలు రాయాలి. దానికి ఒక రోజు పడుతుంది. అప్పటికే టైము మూడు దాటింది. నేను తల్లి ఫైలులోనే ఒక చిన్న మార్పు పెట్టాను, మిగతా పిల్లలకి తగలదులే అనుకున్నాను. శిరీష వాడే ప్రోగ్రాములో చూశాను, చక్కగా వచ్చింది. ఫారంలో మొదటి గడిలో టిక్కు పెట్టాను. రెండోదానిలోనూ, మూడోదానిలోనూ చూడకుండానే పెట్టాను. చెయ్యి ఆగను కూడా ఆగలేదు. మూడూ పెట్టి పంపేసి, “అయిపోయింది చెల్లీ” అని తెలుగులో రాశాను. ఆ సాయంత్రం కుంపటి దగ్గర కూర్చుని ఊరికే నవ్వుతుంటే కాంగ్ నా వంక అనుమానంగా చూసింది.

పాబ్లో చూసుకునే ప్రోగ్రాములో ఆ తల్లి కింద పిల్లలన్నిటికీ పట్టికలో సంవత్సరాలు ఎగిరిపోయాయి.

నాకు వెంటనే తెలియలేదు. రెండు వారాల తరవాత ఒక గురువారం, కెన్యా దేశం నుంచి ఎస్తేరు అనే ఆమె పాబ్లో పేజీలో రాసింది. నర్సులకి పాఠాలు చెబుతుందట, అదే ఆమె మొదటి వ్యాసం. పట్టికలో ఒక్క సంవత్సరం కూడా లేదని పత్రికవాళ్ళు తిప్పి పంపేశారు. “నేను కొత్తదాన్ని కాబట్టి తప్పు నాదే అనుకుని మూడు రోజులు ఒక్కో పుస్తకం మళ్ళీ తీసి చూసుకున్నాను. నేను వేసిన సంవత్సరాలు కళ్ళ ముందే ఉన్నాయి, పట్టికలో మాత్రం రావడం లేదు. దయచేసి నేనేం తప్పు చేశానో చెప్పండి” అని రాసింది. అంత మర్యాదగా రాసింది.

శుక్రవారం పాబ్లో ఆ సంగతి కొట్టు దగ్గరికి తెచ్చాడు. ఫైలులో ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. దానికి హెల్గా గారు ఏం రాశారో చూడు నాన్నా: “ఈ మధ్య ఆ ఫైలు మార్చింది కరుణ. తను మూడిట్లోనూ చూసింది. కాబట్టి తప్పు ఫైలులో లేదు, మీ ప్రోగ్రాములోనే ఉండాలి.” పాబ్లో, “కరుణ చూసిందంటే చూసినట్టే. ఆదివారం కూర్చుని వెతుకుతాను. పుట్టినరోజు భోజనానికి వెళ్ళాలి, ఇప్పుడు ఎగ్గొట్టడానికి మంచి సాకు దొరికింది” అని రాశాడు.

నేను ఆ పేజీ మూసేశాను. మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. ఎవరికీ చెప్పకుండా ఆ మార్పు తీసేస్తే చాలు, పట్టికలు మళ్ళీ సరిగ్గా వస్తాయి, పాబ్లో తన ప్రోగ్రాములో ఏదో సర్దుకుందిలే అనుకుంటాడు, చెవి నా దగ్గరే ఉంటుంది, మధ్యాహ్నం శుభోదయాలూ ఉంటాయి. అలా చేద్దామని రెండుసార్లు ఫైలు తెరిచాను. నీకు దాచి ఏం లాభం. తెరిచాను.

ఆదివారం గుడిలో కూర్చుంటే ఒకటే ఆలోచన, ఇప్పుడు ఆయన వెతుకుతూ ఉంటాడు, లేనిదాన్ని వెతుకుతూ ఉంటాడు అని. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఊరుకున్నాను. కాంగ్ అడిగింది.

“ఎవరైనా పోయారా?”

“లేదు కాంగ్.”

“మీ అమ్మ?”

“అందరూ బాగున్నారు. నేను ఒకటి చూడకుండా చూశానని చెప్పాను. ఇప్పుడు తప్పు ఇంకొకరి మీద పడింది.”

మా సగం హిందీలో అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. అంతా విని, “ఎవరూ పోలేదు కదా” అంది.

“పోలేదు.”

“అయితే అన్నం తిను. రేపు చెప్పు. అన్నం చల్లారితే మళ్ళీ వేడి చేయను.”

ఆ అన్నం తింటున్నప్పుడే నాకు వెంకటసుబ్బయ్య గారి పత్తి చేను గుర్తొచ్చింది నాన్నా. అప్పుడు నేను నాలుగో తరగతి. నీకు నేనక్కడ ఉన్నట్టు జ్ఞాపకం ఉందో లేదో. అమ్మ కోసం సద్ది పట్టుకొచ్చి గట్టు మీద కూర్చున్నాను. పేటలో అందరికీ కలిపి ఒకటే మందు కొట్టే డబ్బా ఉండేది. నువ్వు ముందు రోజు దానితో ఎవరి గట్లకో గడ్డి మందు కొట్టి, కడిగానని చెప్పి బాబూరావు బాబాయికి ఇచ్చావు. బాబాయి దానితో సుబ్బయ్య గారి పత్తికి పురుగు మందు కొట్టాడు. వారం తిరిగేసరికి పత్తి ఆకులు వేళ్ళలా సన్నబడి ముడుచుకుపోయాయి. సుబ్బయ్య గారు చేలో నిలబడి బాబాయిని పట్టుకుని, “ఒరేయ్ బాబూరావూ, ఏం కొట్టావురా నా చేలో? ఎవడి డబ్బులు తిని కొట్టావురా?” అని అరుస్తున్నారు. బాబాయి తల వంచుకుని, “నాకేం తెల్దండీ, మీరిచ్చిన మందే కొట్టానండీ” అంటున్నాడు. అప్పుడు నువ్వు పక్క చేలో కోత వదిలేసి వచ్చావు.

“ఆడు కాదండీ. ముందు రోజు డబ్బాతో గడ్డి మందు కొట్టింది నేనండీ.”

“కడిగానని చెప్పావంటగదరా?”

“చెప్పానండీ. ఒకసారి నీళ్ళు పోసి తొలిపానండీ, అంతే. పొద్దుపోయిందని ఇచ్చేశానండీ.”

ఆ తరవాత రెండేళ్ళు ఆయన నిన్ను పనికి పిలవలేదు. అమ్మ ఇప్పటికీ అంటుంది, “నోట్లో బెల్లమ్ముక్క పెట్టుకుని కూచ్చుంటే పోయేదిగా, ఎవడు చూశాడు డబ్బా కడిగిందీ కడగందీ” అని. ఈ ఉత్తరం చదివి కూడా అదే అంటుంది. అననివ్వు.

సోమవారం పొద్దున లైబ్రరీకి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా కూర్చుని రాశాను. “ఆ ఫైలు మార్చినప్పుడు మూడు గడుల్లో టిక్కు పెట్టాను. చూసింది ఒకదానిలోనే. తప్పు నాది, పాబ్లో గారి ప్రోగ్రాముది కాదు. ఆయన ఆదివారం వెతికింది నా వల్ల. మీరు తప్పు ఎక్కడుందో మాట్లాడుకుంటున్నప్పుడు కూడా నేను చెప్పలేదు.” ఇంకేమీ రాయలేదు. ఒంటరిగా ఉన్నానని, తెలుగు చూసి సంబరపడ్డానని రాద్దామనుకుని కొట్టేశాను. అది వాళ్ళకి అనవసరం. నీకు మాత్రం రాస్తున్నాను. ఎస్తేరు గారికి విడిగా రాశాను, మీరేమీ తప్పు చేయలేదు, చేసింది నేను అని.

మేడం గదిలోకి వెళ్ళి ఆమెకీ చెప్పాను. మా సంస్థ పేరుతోనే కదా నేనక్కడ ఉన్నది.

“నువ్వు చెప్పకముందు ఎవరైనా కనిపెట్టారా?” అని అడిగారు.

“లేదు మేడం.”

“ఆగస్టు తరవాత నిన్ను పొడిగించడం గురించి ఇప్పుడు నేనేమీ చెప్పలేను కరుణా” అన్నారు. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పారు.

మధ్యాహ్నం హెల్గా గారు రాశారు. “చెప్పినందుకు కృతజ్ఞతలు. మూడు నెలలు తాళం చెవి వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు మార్పులు రాసి పంపు, నేను చూసి పెడతాను.” ముందు శుభోదయం లేదు. పాబ్లో మాత్రం, “నీ తప్పు వెతుకుతూ నా ప్రోగ్రాములో రెండు నిజమైన తప్పులు పట్టుకున్నాను. భోజనమే ఎక్కువ నష్టం” అని రాశాడు. నవ్వొచ్చింది, తరవాత బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎస్తేరు గారు రెండు రోజులకి జవాబిచ్చారు. వ్యాసం ఇక వచ్చే సంచికలోనే వస్తుందట, అంటే ఇంకో ఆరు నెలలు. “ఆ మూడు రోజులు నా కళ్ళని నేనే నమ్మలేదు” అని రాశారు. క్షమించానని రాయలేదు. నేనూ అడగలేదు.

తల్లి ఫైలుని మునుపటిలా చేసేసరికి శిరీష పట్టిక మళ్ళీ పాత పద్ధతికి పోయింది. తనకి ముందే ఫోన్ చేసి చెప్పాను, నాలుగు రోజుల్లో వేరే ఫైలు సరిగ్గా రాసి ఇస్తానని. “మావాళ్ళు ఒకరు ఉన్నారని ధీమాగా ఉన్నానక్కా. మనవాళ్ళకే చేయలేకపోతే నువ్వక్కడుండి ఏం లాభం?” అంది. ఆ మాటలో నాకు మన ఊళ్ళో మాట్లాడుకునే గొంతే వినపడింది, అందుకే ఎక్కువ తగిలింది. నాలుగో రోజుకి ఫైలు రాసి పంపాను. బాగా వచ్చింది. తను తీసుకుంది. అక్కా అనలేదు, థాంక్స్ అని ఇంగ్లీషులో రాసింది. మళ్ళీ రాయలేదు.

ఇప్పుడు పని ఇలా ఉంది. నేను ఫైలు సరిచేస్తాను, మూడు ప్రోగ్రాముల్లో చూస్తాను, పంపుతాను. హెల్గా గారు చూసి, “సరే” అని ఒక్క మాట రాసి పెడతారు. నిన్న మూడో ప్రోగ్రాము మా ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకోలేదు. గడి ఖాళీగా వదిలేసి, “దీనిలో చూడలేకపోయాను” అని రాశాను. ఆమె దానిలో చూసి, టిక్కు పెట్టి, “సరే” అన్నారు. మధ్యాహ్నాలు ఇప్పుడు చాలా పెద్దవిగా ఉన్నాయి నాన్నా.

ఇక నీ మాటకి జవాబు. ఒంగోలు అంటే గంటన్నర బస్సు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినొచ్చు. చుట్టూ అందరూ నాకు అర్థమయ్యే మాటలే మాట్లాడతారు. ఈ రెండు వారాల్లో ఎన్నిసార్లు సంచి సర్దుకోవాలనిపించిందో లెక్కలేదు. ఇక్కడ ఆగస్టు తరవాత పని ఉంటుందో లేదో కూడా తెలియదు. ఇవన్నీ తెలిసే రాస్తున్నాను, నేను ఇప్పుడు రాలేను.

ఇప్పుడు వచ్చేస్తే నన్ను ఎవరూ ఏమీ అనరు. ఆ కొట్టులో నా పేరు పక్కన ఆఖరుగా మిగిలేది మాత్రం ఆ రెండు టిక్కులే. ఆ రెండేళ్ళూ నువ్వు సుబ్బయ్య గారి చేను గట్టు మీదుగానే పనికి వెళ్ళావు. ఆయన చూస్తూ ఉన్నా వెళ్ళావు. చెరువు వైపు నుంచి ఇంకో దారి ఉందని అమ్మ చెప్పినా ఆ దారిన పోలేదు. నువ్వెందుకు అలా చేశావో నేనెప్పుడూ అడగలేదు. మే నెల దాకా నన్నూ ఈ గట్టు మీద నడవనివ్వు. తరవాత చెవి ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఆగస్టులో పొడిగించకపోతే ఇంటికి వస్తాను, అప్పుడు ఒంగోలులో కాకపోతే చీరాలలో వెతుక్కుంటాను. అయ్యగారికి నా వందనాలు చెప్పి, కోపం తెచ్చుకోవద్దని, ఆ పని మన పేటలో రాజీకి ఇప్పించమని అడుగు. తనూ లైబ్రరీ చదువే చదివింది, ఇంట్లో కూర్చుని ఉంది.

అమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన పాత పాటల పుస్తకం ఉంది కదా, కొత్తది కొనుక్కుని అది నాకు పంపమను. కారం ఇంకా ఉంది, ఉగాది దాకా వస్తుంది. నాయనమ్మ రాత్రిపూట లేచి తలుపు దాకా నడుస్తోందంటున్నారు, గడప దగ్గర లైటు వేసి ఉంచండి. బాబూరావు బాబాయికి, పిన్నికి, అడిగినవాళ్ళందరికీ వందనాలు.

మీరు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నా పేరు చెప్పుకుంటారని నాకు తెలుసు. ఈసారి నా ఉద్యోగం నిలబడాలని అడగకండి. రోజుకి ఒక్కసారైనా నన్ను ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలని అడగండి.

మీ బిడ్డ,
కరుణ